చూడని కొలత కింద నీ పేరు రాయకు: క్వాంటిటీ సర్వే శిక్షణలో ఉన్న చెల్లెలికి

నర్సంపేట దగ్గరి ఊరి నుంచి ఒక చెల్లెలు అడిగిన ప్రశ్న క్లుప్తంగా ఇది. సివిల్ డిప్లొమా పూర్తి చేసి, ఏడు నెలలుగా హనుమకొండలో ఒక గుత్తేదారు కార్యాలయంలో శిక్షణలో ఉంది. హోదా ట్రైనీ క్వాంటిటీ సర్వేయర్, అంటే కట్టడం పనులను కొలిచి ఖర్చు లెక్కకట్టడం నేర్చుకునే ఉద్యోగం. పని మాత్రం సీనియర్ ఇచ్చిన అంకెలను ఎక్సెల్‌లో ఎక్కించడం. సైటుకు పంపరు. ఈ మధ్య షీటు కింద ‘కొలిచినవారు’ అన్న చోట తన పేరు పెట్టమంటున్నారు. మానేసి, డిప్లొమావాళ్లు ఇంజినీరింగు డిగ్రీలో చేరడానికి రాసే ఈసెట్ పరీక్ష రాసి బీటెక్‌లో చేరాలా, ఏదైనా కోర్సు చేయాలా, అసలు ఈ వృత్తికి భవిష్యత్తు ఉందా అని అడిగింది. చివర ఒక వాక్యం: ‘మా నాన్న సుతారి మేస్త్రీ. నేను చేసే ఉద్యోగం ఆయనకు అర్థం కాదు.’

చెల్లీ, ఇరవై రెండేళ్లుగా ఈ పనిలోనే ఉన్నాను. నువ్వు మధ్యలో ఎక్కడో ఒక్క వాక్యంలో రాసి వదిలేసిన విషయాన్నే నేను ముందు అందుకుంటాను. బీటెక్ సంగతి తర్వాత. షీటు కింద నీ పేరు సంగతి ముందు తేలాలి.

‘కొలిచినవారు’ అన్న మాటకు ఒకటే అర్థం. నేను అక్కడ నిలబడ్డాను, టేపు ఒక కొన నా చేతిలో ఉంది, ఈ అంకె నా కంటితో చూశాను అని. అది సాక్ష్యం. ప్రభుత్వ పనుల్లో కొలతల పుస్తకాన్ని, మనం ఎం-బుక్ అనేదాన్ని, ఎంత కట్టుదిట్టంగా నడుపుతారో చూడు. పేజీలకు ముందే అచ్చు నంబర్లు ఉంటాయి. పేజీ చింపకూడదు. అంకె తప్పితే చెరపకూడదు, దాని మీదే దిద్దకూడదు. అడ్డంగా గీత కొట్టి, పక్కన సరైన అంకె రాసి, పొట్టి సంతకం చేయాలి. ఒకరు రాసిన కొలతలను పై అధికారి మళ్లీ వెళ్లి సరిచూస్తారు. ఆ పుస్తకంలోని అంకెను బట్టి డబ్బు కదులుతుంది కాబట్టి, ఆ అంకె ఎవరిదో తెలియాలి.

అందుకని రేపటి నుంచి నీ షీటు కింద మూడు గడులు పెట్టు: కొలిచినవారు, లెక్క కట్టినవారు, సరిచూసినవారు. రెండో గడిలో నీ పేరు ధైర్యంగా రాయి. సైటులో తీయని అంకెలకు రిమార్కుల గడిలో ‘డ్రాయింగు ప్రకారం’ అని రాయి. ఎవరి మీదా ఫిర్యాదు చేసినట్టు ఉండదు, షీటు మాత్రం నిజం చెబుతుంది. ‘లేదు, నువ్వే కొలిచినట్టు పెట్టు’ అంటే, ‘సార్, ఒక్క పూట నన్ను సైటుకు పంపండి, కొలిచి వచ్చి సంతకం పెడతాను’ అను. నిన్ను సైటుకు పంపించుకోవడానికి అంతకంటే మంచి దారి నాకు తెలియదు. ఆ రెండింటికీ ఒప్పుకోకపోతే ఆ సంస్థలో నీకు నేర్పేది ఏమీ లేదు. వేరే చోటు చూసుకో.

ఇంత పట్టుదలగా ఎందుకు చెబుతున్నానో కూడా విను. నేను ఉద్యోగంలో చేరిన రెండో ఏడు, కరీంనగర్ జిల్లాలో ఒక పాఠశాల భవనం కడుతున్నారు. మొత్తం 24 పునాది గుంతలు, ఒక్కొక్కటి 2.1 మీటర్ల చదరం. డ్రాయింగులో లోతు 1.5 మీటర్లు. తవ్వితే అడుగున ఇంకా నల్లరేగడే. గట్టి నేల తగిలేదాకా వెళ్లమని ఆ శాఖ ఇంజినీరు నోటిమాటగా చెప్పారు. 2.1 మీటర్ల దగ్గర మొరం తగిలింది. అదనంగా తవ్విన 0.6 మీటర్లను ఉక్కు లేని సాదా కాంక్రీటుతో, అంటే పీసీసీతో, నింపారు. ఆషాఢ మాసం, సాయంత్రానికి మబ్బు పట్టింది. వర్షానికి గట్లు కూలతాయని మేస్త్రీ రాత్రికి రాత్రే ఫుటింగులు, అంటే పునాది దిమ్మెలు, పోయించి, రెండు రోజుల్లో గుంతలు పూడ్పించాడు. పని దృష్టిలో ఆయన చేసింది సరైనదే. నేను ఆ రెండు రోజులూ అక్కడే ఉన్నాను. టేపు నా సంచిలోనే ఉంది. కొలత రాయలేదు, ఫొటో తీయలేదు, ఎవరి చేతా సంతకం చేయించలేదు. అందరూ చూశారు కదా అనుకున్నాను.

బిల్లు పెట్టేనాటికి ఆ ఇంజినీరు బదిలీ అయ్యారు. కొత్తగా వచ్చినవారు డ్రాయింగు ముందు పెట్టుకుని, ‘అదనపు లోతుకు రుజువు ఏది?’ అన్నారు. 2.1ని 2.1తో, దాన్ని 0.6తో, దాన్ని 24తో హెచ్చిస్తే 63.5 క్యూబిక్ మీటర్లు వస్తుంది. అంత తవ్వకం, అంతే కాంక్రీటు. రెండూ భూమి కింద నిజంగా ఉన్నాయి, కాగితం మీద లేవు. ఒక్క రూపాయి రాలేదు. ఆయన అడిగినదాంట్లో తప్పు కూడా లేదు. చూడనిదానికి ఆయన మాత్రం ఎలా సంతకం పెడతారు? మా యజమాని నన్ను తిట్టలేదు. ఆ నెల కూలీలకు ఇవ్వాల్సిన డబ్బుకు అప్పు తెచ్చారు. ఆ సంగతి నాకు ఇప్పటికీ బాధే.

కప్పి పోయే పనులను కప్పక ముందే కొలవాలి. పునాది, పీసీసీ, స్లాబులో ఉక్కు, గోడలో వెళ్లే పైపులు, బాత్రూము కింద నీరు దిగకుండా వేసే పూత, అన్నీ అలాంటివే. మన ప్రాంతంలో ఇంకొకటి ఉంది, చెరువు. 2015లో మిషన్ కాకతీయ మొదలైనప్పుడు కొన్ని చెరువుల పూడికతీత లెక్కలు నేను చూశాను. మట్టిని ట్రాక్టర్లలో రైతుల పొలాలకు తోలుకుపోతుంటారు. ట్రాక్టర్ల ట్రిప్పులు లెక్కపెడితే చాలు కదా అని కొత్తవాళ్లు అనుకునేవారు. తవ్విన మట్టి వదులై ఉబ్బుతుంది, కాబట్టి ట్రాలీలో ఉన్న పరిమాణం చెరువులో ఉన్నప్పటి పరిమాణం కాదు. తవ్వక ముందు చెరువు అడుగున గళ్లుగా లెవెల్స్, అంటే ఎత్తుపల్లాల కొలతలు, తీయాలి, తవ్వాక అవే చోట్ల మళ్లీ తీయాలి, తేడా మీద లెక్క కట్టాలి. ముందరి లెవెల్స్ తీయకుండా యంత్రం దించారంటే ఇక ఏ లెక్కా నిలబడదు. తర్వాతి లెవెల్స్ తీయక ముందే వాన పడి చెరువు నిండినా అంతే. నిండిన చెరువును చూసి ఊరంతా సంతోషిస్తుంటే, లెవెల్స్ తీయని కొలతగాడికి కంటి మీద కునుకు ఉండదు.

ఇక నేర్చుకోవడం గురించి. నీకు మొదటి పాఠ్యపుస్తకం ఐఎస్ 1200. ఏ పనిని ఎలా కొలవాలో భాగాలు భాగాలుగా చెప్పే భారత ప్రమాణం అది. మట్టిపనికి ఒక భాగం, కాంక్రీటుకు ఒకటి, ఇటుకపనికి ఒకటి, ప్లాస్టరింగుకు ఒకటి. డిప్లొమాలో ఎస్టిమేషన్ చదివినప్పుడు దీన్ని పేరుగా విని వదిలేసి ఉంటావు. ఇప్పుడు చేతిలో పెట్టుకుని సైటులో నిలబడి చదువు, ప్రతి వాక్యం వెనుక ఒక తగాదా కనిపిస్తుంది.

ప్లాస్టరింగునే తీసుకో, మన దగ్గర గిలాబు అంటారు. 4 మీటర్ల పొడవు, 3 మీటర్ల ఎత్తు గోడ. అందులో 1.5 మీటర్ల వెడల్పు, 1.2 మీటర్ల ఎత్తు కిటికీ ఉంది. కిటికీ వైశాల్యం 1.8 చదరపు మీటర్లు. గోడకు రెండు వైపులా ఒకే రకం గిలాబు వేశారు. ఎంత కొలత రాస్తావు? కిటికీని తీసేయకపోతే 24 చదరపు మీటర్లు. రెండు వైపులా తీసేస్తే 20.4. ప్రమాణం చెప్పేది 22.2. అరచదరపు మీటరు దాకా ఉన్న రంధ్రానికి తీసివేత లేదు. దానికంటే ఎక్కువై 3 చదరపు మీటర్ల లోపు ఉంటే ఒక్క వైపే తీసేయాలి, కిటికీ అంచుల గిలాబును విడిగా కలపకూడదు. 3 దాటితే రెండు వైపులా తీసేసి, అంచులను కొలిచి కలపాలి. కిటికీ అంచుల్లో సుతారి చేసే పని ఎక్కువ, పట్టే సమయం ఎక్కువ. చిన్న కిటికీకి ఆ శ్రమ, ఒక వైపు తీసేయకుండా వదిలిన వైశాల్యంతో సరిపోతుందన్న ఆలోచన ఆ నియమంలో ఉంది. ఒక్క గోడలో తేడా 1.8 చదరపు మీటర్లే. అలాంటి కిటికీలు 100 ఉన్న హాస్టల్లో 180 చదరపు మీటర్లు.

అదే గోడకు సుతారి మేస్త్రీ కట్టే లెక్క వేరుగా ఉండవచ్చు. ఆయన చదరపు అడుగుకు ఇంత అని కూలి మాట్లాడుకుని, కిటికీలు తీసేయకూడదని ముందే చెప్పి ఉండవచ్చు. అప్పుడు భవన యజమాని నుంచి గుత్తేదారుకు వచ్చే కొలత 22.2, మేస్త్రీకి ఇచ్చే కొలత 24. రెండూ సరైనవే, రెండు ఒప్పందాలు కాబట్టి. ఆ తేడాను ముందే రేటులో చూసుకోకపోతే గుత్తేదారు నష్టపోతాడు. మధ్యలో మాట మార్చి మేస్త్రీకి కోత పెడితే ఒక కుటుంబం నష్టపోతుంది. ఆ రెండో తప్పును ఎంతో మంది బిల్లింగ్ ఇంజినీర్లు గొప్పగా చెప్పుకోవడం విన్నాను. నువ్వు మాత్రం ఆ పని చేయకు.

కాంక్రీటులో కొత్తవాళ్లు చేసే తప్పు ఒకటే, ఒకే కాంక్రీటును రెండుసార్లు లెక్కించడం. బీము లోతు డ్రాయింగులో 450 మిల్లీమీటర్లు అని ఉంటే అందులో 125 స్లాబు మందమే. స్లాబును మొత్తం కొలిచావు కాబట్టి బీముకు మిగిలేది 325.

ఉక్కు గురించి కాస్త ఎక్కువ చెప్పాలి, డబ్బు అక్కడే ఎక్కువ. కడ్డీ వ్యాసాన్ని వర్గం చేసి 162తో భాగిస్తే మీటరుకు కిలోలు వస్తాయని బట్టీ పట్టి ఉంటావు. ఆ 162 ఎక్కడి నుంచి వచ్చిందో ఒకసారి కాగితం మీద తేల్చుకో. ఉక్కు సాంద్రత క్యూబిక్ మీటరుకు 7850 కిలోలు, వృత్త వైశాల్యం సూత్రం, రెండు చాలు. 12 మిల్లీమీటర్ల కడ్డీ 0.888 కిలోలు, 16ది 1.58. బిల్లు ఈ లెక్క బరువుతో నడుస్తుంది. దుకాణం నుంచి ఉక్కు మాత్రం కాంటా బరువుతో వస్తుంది. కడ్డీ అసలు బరువు లెక్క బరువుకు కొంచెం అటూ ఇటూ ఉండవచ్చని ప్రమాణమే అనుమతిస్తుంది. 10 మిల్లీమీటర్లు, అంతకంటే సన్నని కడ్డీలకు ఆ వెసులుబాటు 7 శాతం దాకా ఉంది. కాబట్టి వచ్చిన ప్రతి లారీ నుంచి ఒక మీటరు ముక్క కోసి తూకం వేయించు. వేబ్రిడ్జి చీటీని, సైటులో వాడినదాన్ని, మిగిలిన ముక్కలను నెలకోసారి సరిచూడు. ఆమోదించిన అతుకుల పొడవు బిల్లులోకి వస్తుంది, కోతలో పోయిన వృథా రాదు. కట్టుతీగ రేటులోనే కలిసి ఉంటుంది. నెలాఖరున ‘ఇంత ఉక్కు ఎటు పోయింది?’ అని యజమాని అడిగినప్పుడు కాగితంతో జవాబు చెప్పగలిగిన అమ్మాయిని ఎవరూ టైపింగుకు పరిమితం చేయరు.

సాధన ఎలా చేయాలంటే, రోజుకు ఒక్క గది. రాత్రి డ్రాయింగు చూసి ఆ గది పరిమాణాలన్నీ చేత్తో లెక్కకట్టు. మర్నాడు టేపుతో కొలువు. రెండింటికీ తేడా ఎందుకొచ్చిందో ఒక నోటుబుక్కులో తేదీ వేసి రాయి. సైటుకు వెళ్లేటప్పుడు హెల్మెట్, బూట్లు సంస్థనే ఇవ్వమని అడుగు. మరుగుదొడ్డి వసతి కూడా అడుగు. చట్టం ప్రకారం అది యజమాని బాధ్యత. నా మొదటి రెండేళ్లు నేను ఇవి అడగలేదు, ఆడపిల్లను కాబట్టి సైటు వద్దంటారేమోనన్న భయంతో నీళ్లు తాగడం మానేసి ఒంటి మీదికి తెచ్చుకున్నాను. నువ్వు అలా చేయకు.

మీ నాన్నగారికి ఈ ఉద్యోగం అర్థం కాదని రాశావు. చెల్లీ, నీకు తెలిసిన వాళ్లందరిలో ఈ ఉద్యోగంలో సగం క్షుణ్ణంగా తెలిసిన మనిషి ఆయనే. క్వాంటిటీ సర్వేయర్ పనిలో సగం కొలత, సగం ధర. ఒక క్యూబిక్ మీటరు ఇటుకపనికి ఎంత ఖర్చు అన్న ప్రశ్నకు పుస్తకం కొంతవరకే చెబుతుంది. 190, 90, 90 మిల్లీమీటర్ల ప్రామాణిక ఇటుకైతే 500 పడతాయి, సిమెంటు ఒకటికి ఇసుక ఆరు చొప్పున కలిపిన మాలుకు సుమారు ఒకటింపావు బస్తా సిమెంటు పడుతుంది. అయితే నీ సైటుకు వచ్చే బట్టీ ఇటుక ఆ కొలతలో ఉండదు. పది ఇటుకలను వరుసగా పేర్చి పొడవు కొలిచి పదితో భాగిస్తే అసలు సైజు తెలుస్తుంది. ఇక ఒక సుతారి, ఇద్దరు కూలీలు రోజుకు ఎంత గోడ లేపుతారు? మొదటి అంతస్తులో ఎంత, మూడో అంతస్తులో ఎంత? ఎండాకాలం మధ్యాహ్నం పని ఎంత తగ్గుతుంది? పరంజా కట్టడానికి ఎన్ని పూటలు పోతాయి? ప్రభుత్వ రేట్ల పట్టిక, ఎస్‌ఎస్‌ఆర్, వెనుక ఉండే లెక్కల్లో ఒక సగటు ఉంటుంది. దాన్ని మీ నాన్నగారి అనుభవం పక్కన పెట్టి చూడు. రాత్రి అన్నాలయ్యాక ఒక అరగంట ఆయన పక్కన కూర్చుని, ‘నాన్నా, ఈ గోడకు ఎన్ని రోజులు పడతాయి?’ అని అడిగి రాసుకో. నేను ఈ ప్రశ్నలు అడిగి నేర్చుకున్నది మేస్త్రీల దగ్గరే, వాళ్ల పని గంటల మధ్య, ఎండలో నిలబడి. నీకు ఇంట్లోనే ఆ బడి ఉంది.

ఇప్పుడు బీటెక్. ఇంట్లో మూడేళ్లు నెట్టుకురాగలిగితే ఈసెట్ రాయి, రెండో సంవత్సరంలో చేరతావు. ప్రభుత్వంలో ఏఈ (అసిస్టెంట్ ఇంజినీర్) పోస్టుకు డిప్లొమా చాలు గానీ ఏఈఈకి (అసిస్టెంట్ ఎగ్జిక్యూటివ్ ఇంజినీర్) డిగ్రీ కావాలి. పెద్ద సంస్థలూ డిగ్రీ అడుగుతాయి. కాబట్టి డిగ్రీ వృథా కాదు. కానీ ఇప్పుడే, ఏడు నెలల టైపింగు అనుభవంతో, మానేయవద్దని నా సలహా. ఒక భవనం పునాది నుంచి చివరి బిల్లు దాకా చూసి వెళ్లు. ఆ తర్వాత తరగతిలో చెప్పే ప్రతి విషయం నీకు వేరుగా వినిపిస్తుంది. ఇంటి పరిస్థితి మూడేళ్లు ఆగనివ్వదంటే దిగులు పడకు. డిప్లొమాతోనే మొదలుపెట్టి ఈ వృత్తిలో గౌరవంగా నిలబడినవాళ్లను చాలా మందిని చూశాను.

భవిష్యత్తు గురించి వెతికేటప్పుడు ‘క్వాంటిటీ సర్వేయర్’ అని మాత్రమే వెతకకు. మన దేశంలో ఇదే పనిని ‘బిల్లింగ్ ఇంజినీర్’ అంటారు. టెండర్ల విభాగం, కాంట్రాక్టుల విభాగం, ఖర్చుల నియంత్రణ కూడా ఈ పని కిందికే వస్తాయి. అసలు పేరుతో పిలిచేది బ్రిటిష్ పద్ధతి నడిచే చోట్ల, ముఖ్యంగా గల్ఫ్‌లో. జగిత్యాల, నిజామాబాద్, కరీంనగర్ ప్రాంతాల నుంచి ఎన్ని కుటుంబాలు అక్కడి సైట్ల మీద బతుకుతున్నాయో నీకు చెప్పక్కర్లేదు. ఆరేళ్లు హైదరాబాదులో గల్ఫ్ ప్రాజెక్టుల కొలతలు తీసే కార్యాలయంలో పనిచేశాను. అక్కడ ఐఎస్ 1200 ఉండదు, ఎన్‌ఆర్‌ఎం 2, పోమి వంటి కొలత నియమాలు ఉంటాయి. ఒకటి బాగా వస్తే రెండోది నెల రోజుల పని. ఒప్పందాలు చాలావరకు ఫిడిక్ అనే అంతర్జాతీయ ఇంజినీర్ల సమాఖ్య తయారుచేసిన నమూనా పద్ధతిలో ఉంటాయి. దాని 1999 రెడ్ బుక్‌లో, అదనపు సమయమో డబ్బో అడగాలంటే విషయం తెలిసిన 28 రోజుల్లోగా నోటీసు ఇవ్వాలన్న నియమం ఉంది. గడువు దాటితే హక్కు పోతుంది. మొదటిసారి ఆ వాక్యం చదివినప్పుడు నాకు కరీంనగర్ గుంతలే కళ్ల ముందు మెదిలాయి.

లండన్‌లోని ఆర్‌ఐసీఎస్ అనే సర్వేయర్ల సంస్థ సభ్యత్వం ఈ వృత్తిలో పెద్ద గుర్తింపు. దానికి ఫీజులు బరువు, తొందరపడకు. చేసిన పనిని రాసిపెట్టి, ఒక ప్రాజెక్టు మీద కేస్ స్టడీ సమర్పించి, నిపుణుల ముందు సమర్థించుకోవాలి. తేదీలు వేసి నువ్వు ఈ వారం మొదలుపెట్టే నోటుబుక్కు ఆ రోజుకు పనికొస్తుంది. సాఫ్ట్‌వేర్ విషయంలో ముందు ఎక్సెల్, ఆటోక్యాడ్ గట్టిగా నేర్చుకో. భవనాన్ని త్రీడీ నమూనాగా గీసే రెవిట్ తర్వాత చూద్దువు. ఆరు వారాల్లో సర్వేయర్‌ని చేస్తామనే కోర్సులకు అప్పు చేసి డబ్బు కట్టవద్దు. ఆ డబ్బుతో మంచి టేపు, లెక్కల యంత్రం, వానకు తడవని సంచి కొనుక్కో.

ఆఫీసులో ఉన్నన్నాళ్లు ఇంకో పని చేయి. గుత్తేదారుకు వచ్చిన పాత బిల్లు ఒకటి అడిగి తీసుకుని, మొత్తం నుంచి చేతికి వచ్చిన డబ్బు దాకా ఏమేం కోశారో వరుసగా చూడు. కార్మిక సంక్షేమ సెస్సు 1 శాతం, ఆదాయపు పన్ను, జీఎస్టీ కోత, ఇసుక, కంకర, మట్టి మీద ప్రభుత్వానికి కట్టే రుసుము (సీనరేజి), అట్టిపెట్టుకున్న డిపాజిట్టు. వేసిన రేటులో వీటన్నిటికీ చోటు ఉందో లేదో అప్పుడు అర్థమవుతుంది.

మీ హాస్టలు రెండో బ్లాకు గుంతలు తవ్వుతున్నారని, వచ్చే వారం పీసీసీ పోస్తారని రాశావు. సోమవారం పొద్దున్నే సార్‌ను అడిగి వెళ్లు. ప్రతి గుంతకు నంబరు వేసి, నాలుగు మూలలా లోతు, రెండు వైపులా వెడల్పు తీసుకో. టేపు గుంతలో కనిపించేలా ఫొటో తీయి. అక్కడున్న ఇంజినీరు చేత అదే రోజు సంతకం చేయించు. టేపు రెండో కొన పట్టుకోవడానికి మేస్త్రీల్లో ఒకరిని పిలువు, వస్తారు. సాయంత్రం ఆ షీటు కింద ‘కొలిచినవారు’ అన్న గడిలో నీ పేరు రాయి.